ఎక్కిన గేరులోనే దిగాలి

లక్షల కిలోమీటర్లు తిరిగిన వ్యాన్లు అరకు కొండల్లో ఇంకా బతికే ఉన్నాయి. వాటిని బతికిస్తున్నవి ఇళ్ల ముందు వాకిళ్లు, ఒక జాకీ, నాలుగు పానాలు. ఏది ముందు బాగుచేయాలో, ఏది తర్వాతో నేర్పింది మాత్రం ఘాట్ రోడ్డే.

అరకులోయలో సంత శుక్రవారం. పాత వ్యాను ఉన్న ఇంట్లో పని గురువారం సాయంత్రమే మొదలవుతుంది.

వాకిట్లో బండి. ముందు చక్రాలకు చెరో రాయి అడ్డం. వెనక ఎడమ చక్రం ఊడి పక్కన పడి ఉంది. ఇరుసు కింద జాకీ, జాకీని నమ్మలేక దాని పక్కనే ఒక దుంగ. తండ్రి బండి కిందికి సగం దూరి వెల్లకిలా పడుకున్నాడు. డ్రమ్ము వెనక వీల్ సిలిండరుకు చిన్న నిపిలు ఉంటుంది. దానికి సన్నటి ప్లాస్టిక్ పైపు తొడిగి, రెండో కొసను కాస్త బ్రేక్ ఆయిలు పోసిన సీసాలో ముంచాడు. డ్రైవరు సీట్లో పద్నాలుగేళ్ల కొడుకు.

“తొక్కు.”

“తొక్కాను నాన్నా.”

“అలాగే పట్టుండు. నేను చెప్పేదాకా వదలొద్దు.”

నిపిలు పావు చుట్టు తిరుగుతుంది. సీసాలో బుడబుడమని బుడగలు. నిపిలు మళ్లీ బిగుస్తుంది.

“ఇప్పుడు వదులు. ఇంకా గాలుంది. మళ్లీ తొక్కు.”

పది పన్నెండు సార్లు ఇదే వరస. మధ్యమధ్యలో పిల్లాడు దిగివచ్చి, మాస్టర్ సిలిండరు మీది డబ్బాలో ఆయిలు అడుగంటకుండా పోస్తుంటాడు. అది అడుగంటిందా, కొత్త గాలి లోపలికి చేరి మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. చివరికి బుడగలు ఆగి, పైపులో ఆయిలు ఒక్కటే తీగలా వస్తుంది. పెడలు కాలికి గట్టిగా తగులుతుంది. మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంలో ఉన్నది వెనక ఎడమ చక్రం కాబట్టి మొదలుపెట్టింది దానితో. ఇంకా మూడు చక్రాలున్నాయి.

మైదానంలో బండి చప్పుడు మారితే షెడ్డుకు తోలేస్తాం. ఇక్కడ ఆ వీలు తక్కువ. అరకు నుంచి విశాఖ 110 కిలోమీటర్ల పైమాటే. కాస్త పెద్ద స్పేరు పార్టు కావాలంటే శృంగవరపుకోటకో, విజయనగరానికో, విశాఖకో దిగాలి. దిగడానికి ఆ పాడైన బండే కావాలి. అందుకే అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో బండి ఉన్నవాడు సగం మెకానిక్ కాక తప్పదు.

సీటు ఎత్తితే ఇంజను

ఈ కొండల్లో పాతబడిన బండ్లలో ముందు చెప్పుకోవాల్సింది మారుతి వ్యాను. 1984లో ఆ పేరుతోనే వచ్చింది. తర్వాత ఓమ్నీ అయింది. 2019లో తయారీ ఆగిపోయింది. అంటే ఆఖరి ఓమ్నీ కూడా ఇప్పుడు పాత బండే. ఇంజను 796 సీసీ, మూడే సిలిండర్లు. అది ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తి మూత తీస్తే ప్లగ్గులు, కార్బురేటరు చేతికందుతాయి. వానలో కూడా లోపల కూర్చునే ప్లగ్గు మార్చుకోవచ్చు. బరువు లాగేది వెనక చక్రాలు, మోసేది వెనక కమాను కట్టలు.

సంత జనానికి ఎక్కువగా తెలిసింది ట్రాక్స్. పుణెలోని బజాజ్ టెంపో కంపెనీ, అదే ఇప్పటి ఫోర్స్ మోటార్స్, దాన్ని తెచ్చింది. అందులోని ఓఎం 616 డీజిల్ ఇంజను పుట్టిల్లు జర్మనీలోని మెర్సిడెస్ బెంజ్. ఒక తరం కిందట బెంజి కార్లను లాగిన ఇంజను సంతానమే ఇక్కడ పసుపు బస్తాల్ని, రాజ్మా మూటల్ని, మేకల్ని, మనుషుల్ని కలిపి కొండెక్కించింది. వీటి సరసనే మహీంద్రా కమాండర్లు, మాక్సులు.

వీటన్నిటికీ ఉమ్మడి గుణం ఒకటుంది. కంప్యూటరు లేదు, ఉన్నా తక్కువ. కొత్త బండి పాడైతే ముందు స్కానరు కావాలి. ఈ బండ్ల రోగం చెవికి వినిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది, సైలెన్సరు గొట్టంలో కనిపిస్తుంది. నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువై గాలి చాలడం లేదు. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే పెట్రోలు బండిలో హెడ్ గాస్కెట్టు మీద అనుమానపడాలి. నీళ్లు సిలిండర్లోకి దిగుతున్నాయేమో చూసుకోవాలి.

నలభై లీటర్ల నీళ్లు మరిగే వేడి

పాత బండి కొనగానే చాలామంది చేసే మొదటి పని పెయింటు. రెండోది మ్యూజిక్ సిస్టం. మూడోది ఇంజను. బ్రేకు సంగతి అది పడనప్పుడు గుర్తొస్తుంది. ఈ వరసను ఘాట్ రోడ్డు తలకిందులు చేస్తుంది.

ఒక చిన్న లెక్క. అరకు దారి పక్కనే సాగే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. ఆ ఎత్తు నుంచి ఘాట్ కిందికి దిగితే సుమారు 900 మీటర్ల దిగుడు. బండి, మనుషులు, సామాను కలిపి 1,300 కిలోలు అనుకుందాం. అంత బరువు అంత ఎత్తు దిగితే పుట్టే శక్తి ఎంతంటే, దాదాపు 40 లీటర్ల నీళ్లను మామూలు వేడి నుంచి మరిగే దాకా కాచవచ్చు. రెండు మినరల్ వాటర్ డబ్బాలు పూర్తిగా మరగాలన్నమాట. న్యూట్రల్‌లో దిగితే ఆ వేడిలో చాలాభాగం నాలుగు చక్రాల బ్రేకుల్లోకే పోవాలి. గేరులో దిగితే దాన్ని ఇంజను పంచుకుంటుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట వెనకున్న లెక్క ఇదే.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందన్నది మన దగ్గర చావని భ్రమ. మిగిలేది చెంచాడు. పోయేది బ్రేకు.

బ్రేక్ ఆయిలుకు ఒక చెడ్డ గుణం ఉంది. గాలిలోని తేమను అది మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన ఆయిలుకు ప్రమాణం ప్రకారం ఉండాల్సిన హద్దు 140 డిగ్రీలే. డాట్ 4లో ఆ అంకెలు 230, 155. నెలల తరబడి వాన, మంచు, పొగమంచు ఉండే చోట తేమకు కొదవేం ఉంది? ఆయిలు మరిగితే పైపుల్లో ఆవిరి పుడుతుంది. ద్రవాన్ని నొక్కితే బలం చక్రానికి చేరుతుంది. ఆవిరిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది. పెడలు నేలకు తగులుతుంది, బండి ఆగదు. కాసేపు నిలిపితే చల్లబడి మళ్లీ బ్రేకు పడుతుంది. దాంతో అంతా బాగానే ఉందనుకుంటాం. అసలు ప్రమాదం అదే.

అందుకే రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిలు పూర్తిగా మార్చాలి. వాకిట్లో చేసుకోగల పనుల్లో ఇంత చవకైంది, ఇంత విలువైంది మరొకటి లేదు. డ్రమ్ము విప్పినప్పుడు లైనర్ల మీది పొడిని నోటితో ఊదకూడదు. ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవాలి. లైనరు అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దవచ్చు. ఆయిలు పీల్చిన లైనరును మాత్రం కడిగి వాడొద్దు, పారేయాలి. దానికంటే ముందు ఆ ఆయిలు ఎక్కణ్నుంచి వచ్చిందో కనుక్కోవాలి.

2021 ఫిబ్రవరి 12న ఇదే దారిలో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఈ దారి ఎలాంటిదో చెప్పడానికి ఆ ఒక్క రోజు చాలు.

కొండగాలి పలచన

“విశాఖలో బాగానే నడిచింది, పైకొచ్చాక లాగడం లేదు.” అరకులో తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. బండి తప్పు సగమే. 900 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరం కంటే పది శాతం దాకా తక్కువ. కార్బురేటరు బండి తీరంలో పోసినంత పెట్రోలే పైన కూడా పోస్తుంది. పీల్చే గాలేమో పలచన. మిశ్రమం చిక్కబడి ప్లగ్గు నల్లగా మసిబారుతుంది, పొగ నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. ఎక్కువగా కొండమీదే తిరిగే బండికి కార్బురేటరు సెట్టింగు కొండమీదే చేయించాలి. ప్లగ్గు విప్పి చూస్తే కొస లేత ఇటుక రంగులో, టీ రంగులో ఉంటే సెట్టింగు కుదిరినట్టు.

ఇంజను లాగకపోతే “బోరు పోయింది, ఇంజను దించాలి” అనే తీర్పు తొందరగా వస్తుంది. తలూపే ముందు ఒక పరీక్ష చేయించండి. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి ఒత్తిడి చూస్తారు. తక్కువగా ఉంటే ఆ సిలిండర్లో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్లీ చూస్తారు. ఒత్తిడి పెరిగితే అరిగింది రింగులు, బోరు. పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు, లేదా గాస్కెట్టు పోయింది. రెండో రకానికి హెడ్డు దించితే చాలు, మొత్తం ఇంజను దించక్కర్లేదు. చెంచాడు ఆయిలు కొన్నివేల రూపాయల ఖర్చు ఆపే సందర్భాలున్నాయి.

రేడియేటరుదీ ఇదే కథ. ఈ ఎత్తులో మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. వాటిని అంతకు మించిన వేడిలోనూ మరగకుండా పట్టి ఉంచేది రేడియేటరు మూత. అందులో ఒక స్ప్రింగు, ఒక రబ్బరు వాషరు, అంతే. ఆ రబ్బరు పగిలితే ఎంత పెద్ద రేడియేటరైనా గాలికొండ ఎక్కకముందే ఆవిరి కక్కుతుంది. గెడ్డలో నీళ్లు పట్టి పోసుకుంటూ పోతే లోపల పాచు, సున్నం పేరుకుంటాయి. కూలెంటు పోయాలి. వాటర్ పంపు దగ్గర చెమ్మ, ఫ్యాన్ బెల్టు మీద పగుళ్లు నెలకోసారైనా చూసుకోవాలి.

డీజిలు బండికి పరీక్ష చలికాలం. లంబసింగి, చింతపల్లి వైపు తెల్లవారుజామున బండి స్టార్టు కాకపోతే బ్యాటరీని తిట్టేముందు హీటర్ ప్లగ్గులు చూడాలి. ట్రాక్స్ లాంటి బండ్లలో సిలిండరుకు ఒకటి చొప్పున నాలుగుంటాయి. రెండు చచ్చినా మధ్యాహ్నం ఎండలో తెలియదు. డిసెంబరు పొద్దున్న తెలుస్తుంది.

కమాను పట్టీ, కొడవలి

విరిగిన కమాను పట్టీని ఏ పల్లెలోనూ పారేయరు. అది కమ్మరి కొలిమికి చేరుతుంది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలోనే కమ్మర పేరుతో ఒక తెగ ఉంది. కొండ వ్యవసాయానికి కావాల్సిన ఇనుప పనిముట్లు చేయడం వాళ్ల పాత వృత్తి. కొలిమిలో పట్టీ ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ రంగుకొస్తుంది. సుత్తి దెబ్బకు పొట్టు రాలుతుంది. పట్టీ కొడవలిగా వంగుతుంది, కత్తిగా సాగుతుంది, గొడ్డలిగా మందమవుతుంది. నీళ్లలో ముంచగానే చుయ్యిమని గట్టిపడుతుంది. మామూలు ఇనుముకు లేని పదును దీనికి ఎందుకంటే, స్ప్రింగు ఉక్కులో కర్బనం అర శాతానికి పైగా ఉంటుంది.

ఆ కొలిమి నేర్పే పాఠం ఒకటుంది. ఉక్కు గుణం వేడితో వస్తుంది, వేడితోనే పోతుంది. అందుకే విరిగిన కమాను పట్టీని వెల్డింగు చేయించి మళ్లీ బండికి కట్టకూడదు. అతుకు పక్కన ఉక్కు పెళుసుబారి, బరువుతో మలుపు తిరిగేటప్పుడు మళ్లీ అక్కడే విరుగుతుంది. పట్టీ కొడవలి కావచ్చు. వెల్డింగు చేసిన పట్టీ మళ్లీ కమాను కాదు.

ఎక్కువ బరువు మోయడానికి ఇంకో పట్టీ జోడించడం మరో అలవాటు. బండి వెనక భాగం పైకి లేస్తుంది, బలంగా కనిపిస్తుంది. బ్రేకులు మాత్రం పాతవే. మోసే శక్తి పెంచి ఆపే శక్తి పెంచకపోతే దాన్ని మెరుగుదల అనలేం.

ఇనుప చువ్వతో చేసే మెరుగుదల

పాత వ్యానును చంపేది సాధారణంగా ఇంజను కాదు, తుప్పు. తలుపు అడుగున, మెట్టు కింద నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో ఎర్రమట్టి కూరుకుపోతే తలుపే నీళ్లకుండ అవుతుంది. వానలకు ముందు ఇనుప చువ్వతో ఆ రంధ్రాలు పొడిచి శుభ్రం చేస్తే చాలు. పైసా ఖర్చు లేదు. తుప్పు పట్టిన చోట వైరు బ్రష్షుతో తళుక్కుమనేదాకా రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, ఆరాక రంగు వేయాలి. తుప్పు మీదే రంగు వేస్తే అది లోపల్లోపల తింటూనే ఉంటుంది.

రెండో మెరుగుదల వెలుతురు. పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటు మొత్తం స్విచ్చులోంచి, సన్నటి పాత వైర్లలోంచి పోతుంది. దారిలోనే సగం నీరసిస్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి, మందపు వైరు లాగి, మధ్యలో రిలే బిగిస్తే అదే బల్బు కొత్తగా వెలుగుతుంది. ఎర్తు వైరు బాడీకి కలిసే చోట తుప్పు గీకడం మరిచిపోకూడదు. అనంతగిరి పొగమంచులో కళ్లు జిగేల్‌మనే తెల్ల ఎల్ఈడీల వల్ల ఎదుటివాడికి కళ్లు కనబడవు, మనకు మంచుగోడ తప్ప దారి కనబడదు.

మూడోది రబ్బరు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. పాత బండ్ల పెట్రోలు పైపులు, వాషర్లు దానికోసం చేసినవి కావు. ఓమ్నీలో ఇంజను సీటు కిందే ఉంది కాబట్టి, పెట్రోలు వాసన వచ్చిన రోజే పైపు మార్చాలి. టైర్ల వయసు కూడా చూడాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారం టైరు పని అయిపోయినట్టే. గాడి బాగున్నా రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తే, తడి ఘాట్‌లో అది జారుడుబండ.

కాగితాల సంగతి

సొంత వాడకం బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ పాసైతే అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు, వ్యానుల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పసుపు నంబరు ప్లేటున్న కిరాయి బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్. పదిహేనేళ్లు దాటితే తుక్కే అన్న భయం ఢిల్లీ నిబంధనల నుంచి పుట్టింది.

బండి రూపం మార్చడం వేరే సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ముందు బంపరుకు బిగించే ఇనుప గార్డు కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుందని కేంద్రం 2017లో చెప్పింది. సీట్లు పెంచడం, ఇంజను మార్చడం ఆర్టీఏ అనుమతి లేకుండా చేస్తే, ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర చిక్కొస్తుంది.

వాకిలి హద్దు

ఇంట్లో చేయకూడని పనులూ ఉన్నాయి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి దూరకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు బరువుకు ఉన్నట్టుండి పగులుతాయి. స్టాండ్లు లేకపోతే బలమైన దుంగలే మేలు. పెట్రోలు ట్యాంకు దగ్గర వెల్డింగు వద్దు. స్టీరింగు ఎండ్లు ఊగుతుంటే బిగించి సరిపెట్టొద్దు, మార్చాలి. డ్రమ్ము గాడిపడితే లేత్‌కు పంపాలి. పాత ఇంజను ఆయిలు గెడ్డలో పోయొద్దు. ఆ నీళ్లే కింది ఊరు తాగుతుంది, కాఫీ తోటలకూ అవే ఆధారం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన డబ్బాడు ఆయిలుతో దానికి మచ్చ తేవద్దు.

ఘాట్‌లో ఆగినప్పుడు చక్రం కింద పెట్టిన రాయిని బయల్దేరేముందు తీసి పక్కన పడేయాలి. మన బండిని కాపాడిన రాయే వెనకొచ్చే బైకువాడి ప్రాణం తీస్తుంది.

ఘాట్ దిగేముందు పది నిమిషాలు

• పెడలు తొక్కి పట్టుకోండి. అరనిమిషంలో మెల్లగా కిందికి జారితే బయల్దేరొద్దు.
• నాలుగు చక్రాల లోపలివైపు చూడండి. తడి మరక ఉంటే అది బ్రేక్ ఆయిలు కావచ్చు.
• హ్యాండ్ బ్రేకు వాలులో బండిని నిలుపుతోందా?
• కూలెంటు మట్టం ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడండి. వేడి మీద మూత తీయొద్దు.
• స్టెప్నీలో గాలి ఉందా? జాకీ బండిలోనే ఉందా?
• వైపర్లు, హెడ్‌లైట్లు, హారన్ పనిచేస్తున్నాయా?

పాత వ్యానుకు చేసే మెరుగుదలల్లో గొప్పవన్నీ కంటికి కనిపించనివే. కొత్త బ్రేక్ ఆయిలు, గట్టి రేడియేటరు మూత, శుభ్రమైన ఎర్తు వైరు, మట్టి తీసిన రంధ్రాలు. వాటిని చూసి బండి బాగుందని ఎవరూ మెచ్చుకోరు. రంగు సంతలో మెరిస్తే చాలు, బ్రేకు మాత్రం ప్రతి మలుపులోనూ పడాలి. కాబట్టి వరస ఇదీ: ముందు ఆగడం, తర్వాత చల్లగా ఉండడం, ఆ తర్వాతే లాగడం. అందం ఆఖరు.

ఈ చలికాలం అరకు వచ్చి ఏ పాత వ్యానులోనో తిరుగుప్రయాణం చేస్తుంటే, డ్రైవరు రెండో గేరులో నెమ్మదిగా దిగుతుంటే తొందరపెట్టకండి. వెనక సీట్లో కూర్చుని ఆ బండికి మీరు చేయగల మరమ్మతు అదొక్కటే.